కత్తిని మొద్దుబారనివ్వడమే తప్పు

కత్తి అన్నాక మొద్దుబారక తప్పదు, బారినప్పుడు సాన పెట్టుకుంటే సరి. కొయ్య చెక్కేవాళ్లలో ఈ మాటకు తిరుగులేదు. పాత వడ్రంగిని అడిగినా ఇదే చెబుతాడు, బొమ్మల పని నేర్పే మాస్టారిని అడిగినా ఇదే చెబుతాడు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో సెలవు రోజుల్లో చెంచాలు చెక్కుకునే ఉద్యోగులూ ఇదే నమ్ముతున్నారు. తోలుపట్టీ మీద పూటపూటా కత్తి తీయడం వీళ్లందరి దృష్టిలో పని లేనివాడి చాదస్తం. మహా అయితే, సాన పెట్టాక మెరుపు కోసం చేసే సింగారం. ఈ అభిప్రాయం తప్పని నేను గట్టిగా అంటున్నాను. దీనివల్ల పని చెడుతోంది, మంచి కత్తులు ఆయుష్షు తీరకుండానే అరిగిపోతున్నాయి, తెగనవసరం లేని వేళ్లు తెగుతున్నాయి.

అసలు అంచు దగ్గర ఏం జరుగుతుందో ముందు చూద్దాం. వంటింటి కత్తికి ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీల వాలు ఉంటే, చెక్కుడు కత్తికి 10, 12 డిగ్రీలే ఉంటుంది. ఆ రెండు వాలులూ కలిసే చోట మిగిలే ఉక్కు చాలా పలచన. రేజరు బ్లేడు అంచు మందం అర మైక్రాన్ లోపే ఉంటుంది, తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. బాగా తీసిన చెక్కుడు కత్తి ఆ రేజరు వైపే పోతుంది. అంత పలచని ఉక్కును కొయ్యలోకి దింపి, మణికట్టు తిప్పి, వంపులో మలుపుతాం. పక్కల నుంచి ఒత్తిడి పడినప్పుడల్లా అంచు ఎక్కడో ఒకచోట కంటికి ఆనకుండా ఒరుగుతుంది. మరోచోట సన్నని పెచ్చు లేస్తుంది. ఇంకోచోట కొన గుండ్రబడుతుంది. ఇదంతా కొద్ది మైక్రాన్ల లోపల జరిగే వ్యవహారం. ఈ దశలో తోలు చాలు. సన్నని పాలిష్ రుద్దిన తోలు మీద నాలుగు లాగుళ్లు లాగితే, ఒరిగిన ఉక్కు రాలిపోతుంది, అంచు మళ్లీ తేలుతుంది.

ఇప్పుడే వద్దని ఊరుకున్నారనుకోండి. తెగడం తగ్గుతుంది కాబట్టి చేయి ఎక్కువ నొక్కుతుంది. నొక్కుడు పెరిగేకొద్దీ ఒరిగిన చోటు విరుగుతుంది, పెచ్చు లేచిన చోట గంటు పడుతుంది. ఒక దెబ్బ ఇంకో దెబ్బను పిలుస్తుంది. తోలుతో తీరాల్సింది రాయి దాకా పోతుంది, సన్నరాయితో తీరాల్సింది గరుకురాయి దాకా పోతుంది, చివరకు కరెంటు చక్రం దగ్గరికి చేరుతుంది. మొద్దుబారడం ఒక్కసారిగా వచ్చిపడే విపత్తయినట్టు, వచ్చాక చూసుకుందామని మనవాళ్లు మాట్లాడతారు. అది మొదటి పొర చెక్కిన క్షణం నుంచే మొదలవుతుంది. అలాంటప్పుడు దానికి మందు కూడా పని నడుస్తుండగానే పడాలి.

దీనికి వచ్చే మొదటి ఎదురుమాట: "మేం చెక్కేది మెత్తని కర్ర. మెత్తని కర్రకు అంత పదునెందుకు? మెత్తని కర్ర ఉక్కును ఏం చేస్తుంది?" ఈ మాటలో రెండు పొరపాట్లున్నాయి.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి కళ్ల ముందు రుజువుంది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. మనిషి వెంట్రుక బ్లేడు ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తన. అయినా గడ్డం గీసుకున్న బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే అంచున పెచ్చులు లేచి కనబడ్డాయి. వెంట్రుక వంగి ఏటవాలుగా అంచును తాకినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకే తీరుగా లేని చోట, ఒత్తిడి అక్కడ పోగై పెచ్చు లేస్తోందని వాళ్లు తేల్చారు. వెంట్రుకే ఉక్కుకు ఇంత చేస్తే, ముడులూ మెలికలూ ఉన్న కర్ర ఊరుకుంటుందా? ఇక టేకు సంగతి మన వడ్రంగులకు చెప్పనక్కర్లేదు. టేకు కర్రలో సిలికా ఉంటుంది, ఎంత మంచి ఉలి అయినా దాని మీద త్వరగా కూర్చుంటుంది.

మెత్తని కర్రకు పదును అక్కర్లేదన్న మాట ఇంకా పెద్ద పొరపాటు. నిజం దానికి సరిగ్గా తలకిందులు. కొండపల్లి బొమ్మకు వాడే తెల్ల పొణికినే తీసుకోండి. చేత్తో పట్టుకుంటే ఇంత తేలికా అనిపించే కర్ర. నిర్మల్ బొమ్మలకూ పొణికే. గట్టి కర్రలో పోగులు ఒకదానికొకటి ఊతంగా నిలబడతాయి, మొద్దు అంచు వచ్చినా తట్టుకుని తెగుతాయి. మెత్తని కర్రలో ఆ ఊతం లేదు. అంచు వాడిగా లేకపోతే పోగు తెగడానికి ముందే నలుగుతుంది, పక్కకు వాలిపోతుంది, వేళ్లతో సహా లేచి వస్తుంది. ఒక పొణికి ముక్కను నారకు అడ్డంగా, ఒకసారి తోలు పట్టిన కత్తితో, ఇంకోసారి పొద్దుటినుంచి తోలు ముఖం చూడని కత్తితో కోసి, కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి కోత నున్నగా మెరుస్తుంది, కర్రలోని సన్నని రంధ్రాలు విడివిడిగా కనబడతాయి. రెండో కోత సున్నం రాసినట్టు తెల్లగా, గరుగ్గా ఉంటుంది, గోటితో గీకితే పొడి రాలుతుంది. రంధ్రాలు నలిగి పూడుకుపోయి ఉంటాయి. చక్కని ముక్కు, పల్చని చెవి, వేళ్ల మధ్య సందు రెండో రకం కోతతో రావు. వచ్చినట్టు కనబడినా చెక్కిన అందం కాదది, అరగదీసిన అందం.

"రంగు పడ్డాక అవన్నీ ఎవరికి కనబడతాయి? మక్కు పెడతాం, సుద్ద పూస్తాం, అంతా కప్పుకుపోతుంది కదా" అంటారు కొందరు. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు అవయవాలను అతకడానికి, ఆకారం దిద్దడానికి పుట్టింది. నలిగిన కర్రను దాచడానికి దాన్ని వాడుకోవడం ఆ పనితనానికి అన్యాయం. నలిగిన చోటును నునుపు చేయాలంటే ఆకురాయితోనో గరుకు కాగితంతోనో గంటల కొద్దీ రుద్దాలి. కత్తితో ఒక్క లాగుకు తేలాల్సిన అంచు రుద్దిరుద్ది గుండ్రబడుతుంది, కనుబొమ దగ్గర పదునైన గీత పోయి మెత్తని దిబ్బ మిగులుతుంది. పైగా పొణికి మునుపటిలా దొరకడం లేదని ఆ పని చేసేవాళ్లే మొత్తుకుంటున్నారు. అలాంటి కర్రను మొద్దు కత్తితో చీల్చి, చీలిన ముక్కను పొయ్యిలో పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

తినే వస్తువుల దగ్గర ఈ తేడా ఇంకా తొందరగా బయటపడుతుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలకు పేరు. ఎక్కడ చెక్కిన చెంచా అయినా సరే, గరుకు కాగితంతో మాత్రమే నునుపు చేసినదాన్ని నీళ్లలో ముంచి ఆరబెట్టండి. నలిగి పడుకున్న పోగులు నీరు తాగి లేస్తాయి, నాలుకకు నూగు తగులుతుంది. వాడి కత్తితో ఆఖరి పొర తీసిన చెంచాలో పోగులు తెగి ఉంటాయి కనుక లేవడానికి పెద్దగా ఏమీ మిగలదు. గరుకు కాగితం చేయలేని ఈ పనిని అప్పుడే తోలు పట్టిన కత్తి చేస్తుంది.

ఇక సాన సంగతి. సైకిల్ మీద చక్రం తిప్పుతూ వీధుల్లోకి వచ్చే సానవాళ్ల మీద నాకు గౌరవమే. కత్తిపీటలకు, కత్తెరలకు, కొడవళ్లకు వాళ్లు చేసే మేలు తక్కువది కాదు. కానీ చెక్కుడు కత్తిని వాళ్ల ముందు పెట్టి, ఎగిరే రవ్వలు చూసి పదును పుడుతోందని మురిసిపోవడం అమాయకత్వం. ఆ ఎగిరే రవ్వలు మన కత్తి ఉక్కే. పోయింది తిరిగి రాదు. వేలెడు వెడల్పున్న అలుగు కొన్నేళ్లకే సూదిలా సన్నబడడం మనం చూస్తూనే ఉన్నాం. వేడి ఇంకో ముప్పు. కార్బన్ ఉక్కు చెక్కుడు కత్తుల గట్టిదనాన్ని తయారీలో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాచి నిలబెడతారు. పలచని అంచు చక్రానికి తగిలితే క్షణాల్లో ఆ హద్దు దాటుతుంది. అంచున నీలిరంగు తేలిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయిందని అర్థం. ఆ నీలం ఉన్నంత మేరా ఉక్కు మెత్తబడింది, ఇక ఎంత సాన పెట్టినా పదును నిలవదు. ఇంత నష్టానికి మూలం, తోలుతో సరిపోయే రోజుల్లో చేతులు కట్టుకుని కూర్చోవడమే.

రాయి అక్కర్లేదని నేను అనడం లేదు. కత్తి కింద పడి గంటు పడితే, అంచున దీపం వెలుగు తెల్లని చుక్కలా మెరిస్తే, రాయే గతి. అక్కడ తోలు మీద వందసార్లు లాగినా లాభం ఉండదు. అయితే తోలు క్రమం తప్పని కత్తికి రాయి అవసరం ఎంత అరుదుగా వస్తుందో, మొద్దుబారేదాకా ఆగేవాళ్లకు తెలిసే అవకాశమే లేదు. వాళ్ల కత్తి ఆ స్థితిలో ఎప్పుడూ ఉండదు కనుక.

ఎదురు పక్షంలో ఒక్క వాదన మాత్రం నిజంగా బలమైనది. రాళ్ల సంగతి క్షుణ్ణంగా తెలిసినవాళ్లు చెప్పే వాదన అది: "తోలు మెత్తన. కత్తి దానిలోకి కొంచెం దిగబడుతుంది. అంచు దాటిపోయాక తోలు పైకి పొంగి అంచును గుండ్రం చేస్తుంది. రోజూ తోలు పడితే రోజూ పదును పోగొట్టుకున్నట్టే." ఇది నిజమే, చెడ్డగా తోలు పట్టేవాళ్ల విషయంలో. దళసరి మెత్తని తోలును గాలిలో వేలాడదీసి, బలంగా నొక్కి, లాగుడు చివర్లో మణికట్టు పైకి తిప్పితే అంచు గుండ్రబడక మానదు. కానీ తప్పు తోలుది కాదు, లాగే చేతిది.

సరైన పద్ధతిలో రహస్యమేమీ లేదు. పాత బెల్టు ముక్కో, చెప్పులు కుట్టేచోట మిగిలిన గట్టి తోలు ముక్కో పలచనిది తీసుకుని, సమంగా చిత్రిక పట్టిన చెక్క మీద ఫెవికాల్‌తో అతికించాలి. వెనక చెక్క ఉన్న పలచని తోలు పెద్దగా కుంగదు. దాని మీద పాలిష్ కడ్డీ, ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడ్‌ది, పల్చగా రుద్దాలి. దొడ్డగా పులిమితే గడ్డలు కట్టి అంచు వాటి మీద ఎగిరెగిరి పడుతుంది. కత్తి వాలును పూర్తిగా తోలుకు ఆనించి, వెన్ను ముందు, అంచు వెనక వచ్చేలా లాగాలి. ఎదురు లాగితే తోలు తెగుతుంది. బరువు కత్తిదే ఉండాలి, చేతిది కాదు. చివరికొచ్చాక తిప్పకుండా ఆపి, నిట్టనిలువుగా ఎత్తి, పక్క మార్చాలి. ఒక్కో పక్క పది, పదిహేను లాగుళ్లు చాలు. అరగంట చెక్కాక మళ్లీ ఒకసారి. వంపు కత్తి అయితే గుండ్రని కర్రకు తోలు చుట్టి, లోపలి వంపును దాని మీద లాగాలి. ఆకుపచ్చ తోలు మీద నాలుగైదు లాగుళ్లకే నల్లని చారలు పడతాయి. ఆ నలుపు తోలు లాగేసుకున్న ఉక్కు. తోలు ఏమీ చేయదని ఇంకా నమ్మేవాళ్లు ఆ చారలను వేలితో తుడిచి చూసుకోవచ్చు.

ఇంత జాగ్రత్తగా పట్టినా, రోజులు గడిచేకొద్దీ అంచు కాస్త గుండ్రబడుతుందని ఒప్పుకుంటాను. అప్పుడు సన్నరాయి మీద వాలును ఒకసారి సరిచేసి మళ్లీ తోలుకు వస్తే సరి. దీన్నిబట్టి రాయి ఎప్పుడు పట్టాలో తేల్చుకోవచ్చు గానీ, తోలు మానేయాలని వాదించలేం.

తోలును నెత్తిన పెట్టుకునేవాళ్లు కూడా కొందరు అతిగా మాట్లాడతారు, వాళ్లకూ జవాబు చెప్పాలి. ఉత్త తోలు చాలు, పాలిష్ ఎందుకని వాదిస్తారు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ విశ్రాంత ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్ 2004లో కత్తుల పదును మీద చేసిన ప్రయోగాల నివేదిక వెలువరించారు. అంచులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి, ఏ పద్ధతి ఏం చేస్తుందో బొమ్మలతో చూపించారు. రాయి పెట్టాక అంచున మిగిలే సన్నని మడతను తీయడంలో ఉత్త తోలు పెద్దగా పనిచేయలేదు. క్రోమియం ఆక్సైడ్ రుద్దిన తోలు బాగా పనిచేసింది. వర్క్‌షాపుల్లో బర్ అనే ఆ మడత మిగిలిపోతే, రాయి మీద నుంచి లేచిన కత్తి మొదటి రెండు పొరలు అద్భుతంగా కోసి మూడో పొరకు చతికిలబడుతుంది. చాలామంది ఆ బర్‌నే పదునుగా పొరబడి, "సాన పెట్టినా నిలవడం లేదు, ఉక్కు మంచిది కాదు" అని కత్తిని తిడతారు. ఉక్కు మంచిదే, ఆఖరి మెట్టు ఎక్కలేదంతే. చెంపలకు ఆనించే క్షౌరపు కత్తి సంగతి వేరు, చెక్కుడు కత్తికి మాత్రం పాలిష్ లేని తోలు సగం పనే.

"మరీ వాడిగా ఉంటే చేయి తెగుతుంది" అన్నది ఇంకో నమ్మకం. పిల్లలకు కొయ్య పని నేర్పేచోట దీని పేరు చెప్పి కావాలనే మొద్దు కత్తులు ఇస్తారు. ఇంతకన్నా ప్రమాదకరమైన దయ ఇంకోటి లేదు. చేయి తెగేది కత్తి అదుపు తప్పినప్పుడు. అదుపు తప్పేది, తెగని కర్ర మీద బలమంతా పెట్టి నొక్కినప్పుడు, ఆ కర్ర హఠాత్తుగా దారి ఇచ్చినప్పుడు. వాడి కత్తి బొటనవేలి ఒత్తిడితో నడుస్తుంది, ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆగుతుంది. మొద్దు కత్తి భుజం బలంతో నడుస్తుంది, భుజానికి వేలు ఎక్కడుందో తెలియదు. వాడి కత్తి చర్మాన్ని తాకితే తెగదని నేను చెప్పను. కర్ర పట్టుకున్న చేయి కత్తి దారిలో ఉండకూడదు, పిల్లలకైతే తోలు తొడుగు వేయాలి. ఆ జాగ్రత్తలన్నీ నేర్పడం మాని మొద్దు కత్తి చేతిలో పెట్టడం మాత్రం జాగ్రత్త కాదు.

"మాకు ముక్కకింత అని కూలి. తోలు పడుతూ కూర్చుంటే పొట్ట గడుస్తుందా?" ఈ ప్రశ్న వేసేవాళ్లను నేను తేలిగ్గా తీసుకోను. కూలి లెక్కలో నిమిషం విలువ నాకు తెలుసు. కానీ లెక్క పూర్తిగా వేయండి. అరగంటకోసారి ఒక నిమిషం తోలుకు ఇస్తే, మిగతా ఇరవై తొమ్మిది నిమిషాలూ కత్తి దాని పని అది చేస్తుంది. ఇవ్వకపోతే, ప్రతి పొరకూ చేయి ఎక్కువ బలం పెడుతుంది, ఒక లాగుకు రావాల్సింది రెండు లాగుళ్లకు వస్తుంది, చీలిన ముక్క పారేయాల్సి వస్తుంది, ఆకురాయి పని రెట్టింపవుతుంది. సాయంత్రానికి మణికట్టు వాచిపోతుంది. ఏళ్ల తరబడి బొమ్మలు చెక్కినవాళ్ల నోట మణికట్టు నొప్పి, బొటనవేలి కీలు నొప్పి వినని రోజుండదు. ఆ నొప్పిలో కొంత వయసుదే కావచ్చు, కొంత మొద్దు కత్తిది కూడా. మృదంగ విద్వాంసుడు కచేరీ మధ్యలో శ్రుతి సరిచూసుకుంటే టైము వృథా చేస్తున్నాడని ఎవరూ అనరు, అది వాయించడంలో భాగమని శ్రోతలకు తెలుసు. కత్తిని తోలు మీద తీయడమూ చెక్కడంలో భాగమే. కూలి కట్టేవాళ్లు కూడా దాన్ని పనిగానే లెక్కించాలి.

విరిచి పారేసే కట్టర్ బ్లేడ్లు వచ్చాక కొత్తతరం ఇంకో మాట నేర్చింది: మొద్దుబారితే మార్చేయడమే. కాగితం పని, థర్మాకోల్ పని చేసేవాళ్లు అలాగే చేసుకోనివ్వండి. కొయ్య మీద ఆ బ్లేడు నిలవదు. పలచన కనుక వంపులో వంగుతుంది, ముడి దగ్గర పుటుక్కున విరిగి ఎటు ఎగురుతుందో తెలియదు. వాడేసిన బ్లేడ్లు చెత్తకుండీలో చేరి, చెత్త ఏరేవాళ్ల చేతుల్లో దిగుతాయి. ఒక మంచి చెక్కుడు కత్తి, తోలు క్రమం తప్పకపోతే, చెక్కినవాడి జీవితకాలం నిలుస్తుంది. అలుగు చేతికి అలవాటవుతుంది, ఎంత నొక్కితే ఎంత తెగుతుందో చేయి లెక్కవేసుకుంటుంది. వారానికో కొత్త బ్లేడుతో ఆ పరిచయం కుదరదు.

ఈ అలవాటు మనకు ఎప్పుడూ లేనిదని కూడా అనుకోనక్కర్లేదు. ఒకప్పుడు క్షౌరశాలలో కుర్చీ పక్కన తోలుపట్టీ వేలాడుతూ ఉండేది. గడ్డానికి కూర్చున్న ప్రతిసారీ దాని మీద కత్తి అటూ ఇటూ టపటపలాడడం ఊరంతా చూసింది. ఎవరూ దాన్ని చాదస్తం అనలేదు, తోలు పట్టకుండా గడ్డానికి కత్తి పెడితే కుర్చీలోంచి లేచిపోయేవాళ్లు. ఎయిడ్స్ భయంతో మనిషికో బ్లేడు మార్చే పద్ధతి వచ్చింది, రావాల్సిందే వచ్చింది. దాంతో ఆ పట్టీ కనుమరుగైంది. తోలు మీద కత్తి తీయడం మన కళ్ల ముందు రోజూ జరిగిన ఒకే ఒక్క చోటు అదే కావడంతో, అది పోగానే పద్ధతి మొత్తం మరపున పడింది. ఇప్పుడు ఎవరైనా తోలుపట్టీ తీస్తే విదేశీ వింతలా చూస్తున్నారు.

నేను చూసిన శిక్షణ శిబిరాల్లో నేర్చుకునేవాళ్లకు ఇచ్చే సంచిలో కత్తి ఉంటుంది, ఉలి ఉంటుంది, ఆకురాయి ఉంటుంది, రంగులు కూడా ఉంటాయి. తోలు ముక్క ఉండదు. శిబిరం మూడో రోజుకు కత్తులన్నీ మొద్దుబారి, నేర్చుకునేవాళ్లు "ఈ పని మా చేతికి రాదు" అని నిరుత్సాహపడతారు. చేతికి రానిది పని కాదు, తెగని కత్తి. ఆ సంచిలో జానెడు చెక్క, దానికి సరిపడా తోలు, చిన్న పాలిష్ కడ్డీ పెట్టమని నిర్వాహకులను అడుగుతున్నాను. వాటికయ్యే ఖర్చు ఒక రంగు డబ్బా ధర దాటదు. మొదటి రోజు కర్ర ముట్టుకోకముందే ఎవరి తోలుపట్టీ వాళ్లే అతికించుకోవాలి, తమ కత్తి నలుపు దాని మీద చూడాలి, ఆ తర్వాతే మొదటి పొర తీయాలి.